ఒక్క ఆజ్ఞ – పదివేల తలుపులు

2022 ఏప్రిల్ 4వ తేదీన చోడవరం జిల్లా మారింది. అంతకు ముందురోజు వరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఊరు తెల్లవారేసరికి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరు మాత్రం ఒక్క అంగుళం కూడా కదలలేదు. స్వయంభూ విఘ్నేశ్వరుని గుడి ఉన్నచోటే ఉంది. గోవాడ చక్కెర మిల్లు ఉన్నచోటే ఉంది. మారవలసినవల్లా కాగితాలూ, కంప్యూటర్లలోని చిరునామాలూను.

ఇప్పుడు మీరే ఒక గుమాస్తా అనుకోండి. మీ కంప్యూటరులో పదివేల చిరునామాలున్నాయి. ఒక్కొక్కటి తెరిచి చూసి దిద్దుతూ కూర్చుంటే వారాలు పడుతుంది. అందుకని మీరొక ఉపాయం ఆలోచించారు. "విశాఖపట్నం అని ఎక్కడ కనిపించినా చెరిపి అనకాపల్లి అని రాయి" అని కంప్యూటరుకు ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చారు. రెప్పపాటులో పని పూర్తయింది. తీరా చూస్తే "విశాఖపట్నం ఓడరేవు" కాస్తా "అనకాపల్లి ఓడరేవు" అయి కూర్చుంది! విశాఖలోనే పుట్టి, విశాఖలోనే ఉంటున్న వాళ్లందరూ కూడా అనకాపల్లి వాళ్లయిపోయారు.

తప్పు ఎవరిది? కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పడంలోనే పొరపాటు జరిగింది. ఒక చిరునామా దిద్దేటప్పుడు పొరపడితే చెడేది ఒక్కటే. పదివేలు ఒకేసారి దిద్దేటప్పుడు పొరపడితే ఆ పొరపాటు కూడా పదివేల చోట్లకు పాకుతుంది. మూకుమ్మడి పనికి ఉన్న బలమూ అదే, ప్రమాదమూ అదే.

మీ బడి కంప్యూటరు గదిలో కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవు, గమనించారా? దాని వెనుక కూడా ఇలాంటి జాబితా ఒకటి ఉంటుంది. దానిని ఎవరు తయారు చేస్తారు, ఎలా మారుస్తారు, తప్పు దొర్లితే ఎలా దిద్దుతారు అనేవి పెద్దలకు మాత్రమే సంబంధించిన విషయాలు కావని నా అభిప్రాయం. ఆ జాబితా మీ చదువుకు కాపలా కాస్తుంది. ఒక్కొక్కసారి మీ చదువుకే అడ్డం పడుతుంది. అందుకే దాని సంగతి మీకు తెలిసి ఉండాలి.

పేరు ఒకటి, అంకెలు వేరు

కంప్యూటర్లు ఒకదానినొకటి పేర్లతో పిలుచుకోవు, అంకెలతో పిలుచుకుంటాయి. మనకేమో అంకెలు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. మొదట్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు కొన్ని వందలే కాబట్టి, వాటి పేర్లూ అంకెలూ ఒకే పట్టికలో రాసి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఉంచేవారు. మిగతా వాళ్లు ఆ పట్టికను నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు పేర్ల పట్టికను ఊళ్లవారీగా పంచిపెట్టినట్టు పంచే పద్ధతి రూపొందించాడు. దానినే డొమైన్ పేర్ల వ్యవస్థ అంటారు. నేటికీ ప్రపంచమంతా నడుస్తున్నది దాని మీదనే.

ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? ముందు ఇంటి నంబరు, తరువాత వీధి, చోడవరం, అనకాపల్లి జిల్లా, ఆంధ్రప్రదేశ్. చిన్నది ముందు, పెద్దది చివర. డొమైన్ పేరు కూడా అంతే. "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అన్నప్పుడు చివరనున్న "ఇన్" భారతదేశానికి గుర్తు, "గవ్" ప్రభుత్వానికి, "ఏపీ" ఆంధ్రప్రదేశ్‌కు. పోస్టు బట్వాడా చేసేవారు చిరునామాను కింది నుంచి పైకి చదివినట్టే, కంప్యూటరు ఈ పేరును కుడి నుంచి ఎడమకు చదువుతుంది.

ఇప్పుడు వడపోత సంగతి చూద్దాం. మీరు ఒక పేరు టైపు చేయగానే మీ కంప్యూటరు "ఈ పేరుకు అంకె ఏమిటి?" అని ఒక సర్వరును అడుగుతుంది. ఆ సర్వరు దగ్గర నిషేధ జాబితా ఉందనుకోండి. పేరు అందులో ఉంటే, అంకె తెలిసి కూడా చెప్పదు. "అలాంటి పేరే లేదు" అంటుంది, లేదా అన్నీ సున్నాలున్న ఉత్తుత్తి అంకె ఇస్తుంది. తలుపు పగలగొట్టలేదు, గోడ కట్టలేదు. దారి అడిగితే చెప్పలేదు, అంతే!

ఈ వడపోత అనవసరమని నేను అనను. బ్యాంకు పేరును పోలిన దొంగ పేరుతో సైటు పెట్టి, ఫోనుకు సందేశం పంపి, చెరకు డబ్బు పడిన ఖాతాను ఊడ్చేసే మోసగాళ్లు ఉన్నారు. అలాంటి దొంగ పేర్లు పొద్దున పుట్టి సాయంత్రానికి మాయమవుతాయి. మర్నాడు ఇంకో వెయ్యి పేర్లు పుడతాయి. వాటి వెంట పరుగెత్తాలంటే జాబితా కూడా అంత చురుగ్గా మారాలి. చేత్తో అయ్యే పని కాదది.

లెక్క వేసి చూడండి

ఒక్కో పేరు జాబితాలో చేర్చడానికి అరనిమిషం పడుతుందనుకుందాం. పదివేల పేర్లకు 5,000 నిమిషాలు, అంటే 83 గంటల పైమాట. రోజుకు ఆరు గంటలు కూర్చున్నా దాదాపు పద్నాలుగు రోజులు.

అందుకే జాబితాను నిర్వహించే సంస్థలు మనిషి కోసం తెర ఒకటి, ప్రోగ్రాముల కోసం కిటికీ ఒకటి పెడతాయి. ఆ కిటికీ పేరే ఏపీఐ. మనం రాసిన ప్రోగ్రాము ఆ కిటికీ దగ్గరకు వెళ్లి నిర్ణీత పద్ధతిలో చీటీ ఇస్తుంది. చీటీ మీద రాయగల క్రియలు ముఖ్యంగా నాలుగు: తెచ్చిపెట్టు, చేర్చు, మార్చు, తొలగించు. ఒక్కో చీటీలో 500 పేర్లు పట్టే కిటికీ అయితే, పదివేల పేర్లకు ఇరవై చీటీలు చాలు. సెకనుకు ఒకటి చొప్పున ఇస్తే ఇరవై సెకన్లు. పద్నాలుగు రోజులెక్కడ, ఇరవై సెకన్లెక్కడ!

కిటికీ అవతల నుంచి జవాబు కూడా అంకెలలో వస్తుంది. 200 అంటే పని అయింది. 401 అంటే నీ తాళంచెవి చెల్లదు. 404 అంటే నువ్వడిగింది ఇక్కడ లేదు. 429 అంటే నువ్వు మరీ తొందరపడుతున్నావు, కాసేపు ఆగు. మిల్లు కాటా దగ్గరకు చెరకు బళ్లన్నీ ఒకేసారి దూసుకొస్తే కాటా గుమాస్తా చెయ్యెత్తి ఆపడూ? ఇదీ అంతే.

మధ్యలో ఒక చిక్కు వస్తుంది. పదమూడో చీటీ ఇస్తుండగా కరెంటు పోయిందనుకోండి. అది అవతలికి చేరిందో లేదో తెలియదు. మళ్లీ ఇవ్వాలా, వద్దా? మీ ఇంట్లో ఫ్యానును "మూడో నంబరు మీద పెట్టు" అని ఎన్నిసార్లు చెప్పినా అది మూడు మీదే ఉంటుంది. "ఇంకొక నంబరు పెంచు" అని రెండుసార్లు చెబితే మాత్రం ఐదుకు చేరుతుంది. మంచి ప్రోగ్రాము మొదటి రకం ఆజ్ఞలే రాస్తుంది. "ఈ పేరు నిషేధంలో ఉండాలి" అని పదిసార్లు చెప్పినా ఫలితం ఒక్కటే. అప్పుడు అనుమానం వచ్చిన చీటీని భయం లేకుండా మళ్లీ ఇవ్వవచ్చు.

ఒక్క గీత చేసిన పని

ఇంత సౌకర్యం ఉన్నప్పుడు ఇంకేం కావాలి అంటారా? చెరకు తోటలో కలుపు సంగతి గుర్తు చేసుకోండి. కూలివాళ్లు వంగి ఒక్కో కలుపు మొక్క పీకుతుంటే, పొరపాటున ఒక చెరకు పిలక పోయినా నష్టం స్వల్పం. డ్రమ్ములో మందు కలిపి ఎకరమంతా కొట్టేటప్పుడు మందు మారిపోతే ఎకరం ఎకరమంతా ఎండిపోతుంది. మూకుమ్మడి ఆజ్ఞ మందు డ్రమ్ము లాంటిది.

ఇది కల్పన కాదు. గూగుల్ సంస్థ హానికరమైన సైట్ల జాబితా ఒకటి ఉంచుతుంది. వెతికినప్పుడు ఆ జాబితాలోని చిరునామా వస్తే, పక్కన హెచ్చరిక కనిపిస్తుంది. 2009 జనవరి 31న జాబితాను సవరిస్తున్నప్పుడు, ఒక చిరునామా ఉండవలసిన చోట ఉత్త ఏటవాలు గీత "/" ఒక్కటే చేరింది. ఆ గీత లేని వెబ్ చిరునామా ఉండదు కాబట్టి ప్రపంచంలోని చిరునామాలన్నీ దానికి సరిపోయాయి. సుమారు 40 నిమిషాల పాటు, ఏది వెతికినా, దాదాపు ప్రతి ఫలితం పక్కనా "ఈ సైటు మీ కంప్యూటరుకు హాని చేయవచ్చు" అన్న హెచ్చరికే! చేసింది మహా మేధావులు పనిచేసే సంస్థ. పొరపాటు ఒక్క గీత. అయితే వాళ్లు 40 నిమిషాలలో బయటపడగలిగారు. ఎందుకంటే పాత జాబితా వాళ్ల దగ్గర భద్రంగా ఉంది, దానిని వెంటనే తిరిగి పెట్టేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వద్దాం.

మరో రకం పొరపాటు కూడా ఉంది: ఇల్లు మూయమంటే వీధి మూసేయడం. 2006 జూలైలో మన దేశంలో కొద్దిపాటి సైట్లనూ బ్లాగులనూ నిలిపివేయమని ప్రభుత్వ టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు జాబితా పంపింది. కొన్ని కంపెనీలు ఆ బ్లాగులను మాత్రమే కాక, అవి ఉన్న బ్లాగ్‌స్పాట్‌ను మొత్తంగా కొన్ని రోజుల పాటు మూసేశాయి. తెలుగులో బ్లాగులు రాయడం అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులవి. వంటల గురించీ, కథల గురించీ రాసుకుంటున్న వాళ్ల తలుపులు కూడా మూసుకున్నాయి. 2017 ఆగస్టులో సినిమాల దొంగ ప్రతులను అడ్డుకోవడానికి మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల అమలులో, పాత వెబ్ పేజీలను గ్రంథాలయంలా దాచిపెట్టే "ఇంటర్నెట్ ఆర్కైవ్" కూడా మన దేశంలో కొన్నాళ్లు తెరుచుకోలేదు. ఆ జాబితాలో రెండు వేలకు పైగా పేర్లున్నాయి. అంత పొడవైన జాబితాను ఒక్కో వరుసా చదివిన వారెవరు?

సారాభాయ్ చేసిన నేరమేమిటి?

కొన్ని వడపోతలలో పూర్తి పేరు ఇవ్వనక్కరలేదు. "ఈ అక్షరాలు ఎక్కడ కనిపించినా ఆపు" అని చెప్పవచ్చు. ఎంత తేలిక! పిల్లలకు మద్యం సంగతులు కనిపించకూడదని ఎవరో "సారా" అన్న మాటను ఆపారనుకోండి. ఏమవుతుంది? పాఠం "సారాంశం" ఆగిపోతుంది. మన అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రం సారాభాయ్ ఆగిపోతాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి చదువుకుందామన్నా దారి మూసుకుంటుంది. సారాను ఊరి నుంచి తరిమిన మహిళల కథ సారా పేరు ఉన్నందుకే మీకు అందకుండా పోతుంది.

నవ్వకండి. 1996లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే ఊరి ప్రజలు ఒక పెద్ద కంప్యూటరు సేవలో తమ ఊరి పేరు రాసి ఖాతా తెరవలేకపోయారు. ఊరి పేరు మధ్యలోని నాలుగక్షరాలు ఒక బూతు మాటలా కనిపించడమే కారణం!

తెలుగుకు ఇంకో చిక్కుంది. 2011లో తెలుగు లిపిలోని "డాట్ భారత్" ప్రపంచ పేర్ల పట్టికలో చేరింది. అయితే పేర్ల వ్యవస్థ లోపల ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలే నడుస్తాయి. అందుకని తెలుగు పేరును "ఎక్స్", "ఎన్" అక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే వేరే రూపంలోకి మారుస్తారు. ఆ సంగతి తెలియనివారు జాబితాలో తెలుగు రూపమే రాసేస్తే, కొన్ని వడపోతలకు అది అర్థం కాదు. "మూశాం" అని జాబితా చెబుతుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

మూసిన సంగతి తెలియకపోవడమే ముప్పు

వీటన్నిటికన్నా నన్ను బాధించే విషయం ఒకటుంది. చోడవరం పక్క పల్లెలో ఒక అమ్మాయి ఉందనుకుందాం. పొలంలో చెరకుకు ఎర్ర కుళ్లు తెగులు పట్టింది. గడను చీల్చి చూస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లటి మచ్చలు, పుల్లటి వాసన. బడిలో కంప్యూటరు ముందు కూర్చుని తెగులు గురించి వెతికింది. మంచి వ్యాసం ఉన్న పేజీ ఒకటి ఏదో పొరపాటున జాబితాలో చేరి ఉంది. తెర మీద "ఈ పేరు దొరకలేదు" అని వచ్చింది.

ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? నెట్ పోయిందనుకోవచ్చు. తాను తప్పుగా టైపు చేశాననుకోవచ్చు. అసలు అలాంటి సమాచారమే లేదనుకోవచ్చు. ఎవరో ఆపారని మాత్రం అనుకోదు. కాబట్టి ఎవరినీ అడగదు. అడగదు కాబట్టి తప్పు ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి దిద్దరు. తాళం వేసిన తలుపు కనిపిస్తే తట్టవచ్చు. గోడలా కనిపించే తలుపును ఎవరు తడతారు?

2022 డిసెంబరు 21న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ మొదలైంది. లక్షల సంఖ్యలో ఉన్న పరికరాలలో ఏది తెరుచుకోవాలో, ఏది కూడదో ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకుని ఎవరూ సరిచేయలేరు. ఇకముందు బడులలోని వడపోత అంతా మూకుమ్మడిగానే నడుస్తుంది. నడవనివ్వండి. కాని దానికి కొన్ని షరతులుండాలని నేనంటాను.

మొదటిది: మార్చేముందు పాత జాబితా నకలు తీసి దాచాలి. గూగుల్‌ను గట్టెక్కించింది అదే.

రెండవది: పదివేల మీద పడేముందు పది పేర్ల మీద ప్రయత్నించి చూడాలి. ఏమేమి మారబోతున్నాయో ముందుగా చూపించి, మనిషి చదివి సరేనన్న తరువాతే మార్చే ఏర్పాటు ప్రోగ్రాములో ఉండాలి. వందలో ఒక్క పేరు తప్పయినా, పదివేలలో వంద తలుపులు అన్యాయంగా మూసినట్టే.

మూడవది: జాబితాలో ప్రతి పేరు పక్కనా కారణం, చేర్చిన తేదీ, మళ్లీ పరిశీలించవలసిన తేదీ ఉండాలి. దొంగ బ్యాంకు సైటు పోయిన తరువాత ఆ పేరును మంచివారెవరైనా కొనుక్కోవచ్చు. కారణం రాయని వరుసను తీసేయాలా, ఉంచాలా అని తరువాత వచ్చినవాళ్లు ఎలా నిర్ణయిస్తారు?

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మూసినప్పుడు మూశామని చెప్పాలి. చట్టం ప్రకారం నిలిపివేసిన పేజీకి "451" అనే జవాబు ఇవ్వవచ్చునని 2016లో ఒక ప్రమాణం వచ్చింది. పుస్తకాలను తగలబెట్టే రాజ్యం గురించి రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన నవల పేరులోని అంకె అది. "లేదు" అనడం వేరు, "ఉంది కాని ఆపాం" అనడం వేరు. రెండవది నిజాయితీ. వడపోత సర్వరు అన్నివేళలా తెర మీద ఆ మాట చూపలేకపోవచ్చు. అప్పుడు కంప్యూటరు గదిలో గోడమీద ఒక కాగితం చాలు: "తెరుచుకోని పేరు ఉంటే ఈ పుస్తకంలో రాయండి. వారంలోగా జవాబు చెబుతాం."

"జాబితా చూపిస్తే పిల్లలకు చెడ్డ సైట్ల చిరునామాలు మనమే ఇచ్చినట్టు కాదా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జాబితా అంతా గోడకు అతికించమని నేననడం లేదు. అడిగిన ఒక్క పేరుకు కారణం చెప్పమంటున్నాను. "పిల్లలకు ఇవన్నీ ఎందుకు, వడపోత చూసుకుంటుంది కదా" అనే వారూ ఉంటారు. వడపోత అన్నీ చూసుకోదు. అది బడిలోనే ఉంటుంది, మీ చేతికి రేపు వచ్చే ఫోనులో ఉండకపోవచ్చు. ఈ ఉదయం పుట్టిన దొంగ పేరు దాని జాబితాలో ఇంకా చేరి ఉండదు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది పేరును కుడి నుంచి ఎడమకు చదివి, "ఇది నిజంగా మా బ్యాంకేనా?" అని ఆగి చూసే మీ తెలివి ఒక్కటే.

చివరగా మీకొక పని చెబుతాను. ఒక తెల్లకాగితం మీద మీకు తెలిసిన ఇరవై వెబ్‌సైట్ల పేర్లు రాయండి. మీ బడికి మీరే వడపోత అధికారి అనుకుని ఒక్కొక్కదాని పక్కన "ఉంచు" లేదా "ఆపు" అని రాసి, కారణం ఒక వాక్యంలో రాయండి. తరువాత కాగితాన్ని పక్క బెంచీ మిత్రుడికి ఇచ్చి, కారణం సరిపోలేదనుకున్న చోట గుర్తు పెట్టమనండి. ఇరవై పేర్లకే ఎంత వాదన జరుగుతుందో చూడండి. ఆ తరువాత పదివేల పేర్లను తలచుకోండి. ఆజ్ఞ ఇవ్వడానికి ఇరవై సెకన్లు చాలు. ఆజ్ఞ ఇచ్చేముందు ఆలోచించడానికి మాత్రం మనిషికి పట్టే సమయం పట్టనివ్వాలి.